కొరియాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ అవగానే దక్షిణ కొరియా వెళ్లి ఏడాదో రెండేళ్లో ఇంగ్లీషు చెప్పాలనుకునే తెలుగు పిల్లలు డాలస్ నుంచి, టొరంటో నుంచి, మెల్‌బోర్న్ నుంచి అడుగుతుంటారు. వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు. హైదరాబాద్, విజయవాడల్లో బీఈడీ చేసినవాళ్లూ అడుగుతారు. ప్రశ్నలు మాత్రం తిరిగి తిరిగి అవే. అందుకే అన్నీ ఒక్కచోట రాసిపెట్టాను. నేను అక్కడ హగ్వాన్‌లో, అంటే ప్రైవేటు ట్యూషన్ సంస్థలో, పాఠాలు చెప్పాను. ఆ తర్వాత గవర్నమెంటు స్కూల్లోనూ చెప్పాను. మీ సందేహం ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోండి. జీతాలు, గడువులు ఏటా మారతాయి కాబట్టి సంతకం పెట్టేముందు మీ ప్రాంతపు కొరియన్ కాన్సులేట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

## వెళ్లాలా వద్దా అనుకునేటప్పుడు

నాది ఇండియన్ పాస్‌పోర్ట్. ఎంఏ ఇంగ్లీష్ చేశాను. నేను వెళ్లొచ్చా?

ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే దొరుకుతుంది. అవి అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీరు ఎంత బాగా మాట్లాడినా ఇక్కడ లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టే. ఇది బాధ కలిగించే నియమమే. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, క్లాసులో గొప్పగా పాఠం చెప్పగల మనవాళ్లు ఈ ఒక్క కారణంతో ఆగిపోతున్నారు.

భారతీయులకు ఒక చిన్న దారి ఉంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొరియా-ఇండియా వాణిజ్య ఒప్పందం సెపా ప్రకారం, డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధనకు టీచర్ అర్హత పత్రం ఉన్న భారతీయులు స్కూళ్లలో సహాయ ఇంగ్లీషు టీచర్లుగా చేరవచ్చు. ఇది హగ్వాన్‌లకు వర్తించదు. ఈ దారిన జరిగే నియామకాలు చాలా తక్కువ కాబట్టి దీన్నే నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేయకండి. కొరియా వెళ్లడమే ముఖ్యం అనుకుంటే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ మీద అక్కడ మాస్టర్స్ చదవడం మన పిల్లలకు ఇంకా గట్టి దారి.

మా అమ్మాయి అమెరికన్ సిటిజన్, ఓసీఐ కార్డు ఉంది. ఇండియన్‌గా లెక్కేస్తారా?

లేదు. ఓసీఐ పౌరసత్వం కాదు. ఆమె చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్ట్ కాబట్టి అమెరికన్ కిందే దరఖాస్తు చేస్తుంది. ఓసీఐ సంగతి కొరియా ఫారాల్లో రాయాల్సిన అవసరమే రాదు.

నేను పదో తరగతి దాకా గుంటూరులో చదివి అమెరికా వచ్చాను. ఇప్పుడు సిటిజన్‌ని. అర్హత ఉందా?

ఇక్కడ వీసా నియమం వేరు, గవర్నమెంటు స్కూళ్ల నియామక పథకం ఎపిక్ నియమం వేరు. వీసాకి పౌరసత్వమూ, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశంలో చేసిన బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి. ఎపిక్ ఇంకో మెట్టు పైకి వెళ్లి, ఏడో తరగతి నుంచి ఆ ఏడు దేశాల్లో ఒకదాంట్లో ఇంగ్లీషులో చదివి, కనీసం పదేళ్లు అక్కడ నివసించి ఉండాలంటుంది. అంటే పదో తరగతి ఇండియాలో చదివినవాళ్లకు ఎపిక్ కష్టం, హగ్వాన్ కుదరవచ్చు. అమెరికా పాస్‌పోర్ట్ ఉండి డిగ్రీ మాత్రం ఇండియాలో చేసినవాళ్లు వీసా దగ్గరే చిక్కుకుంటారు. వాళ్లు ఎవరితో ఒప్పందం చేసుకునే ముందైనా కాన్సులేట్‌ని అడగాలి.

నా డిగ్రీ బయాలజీలో. ఇంగ్లీష్ లిటరేచర్ చేసినవాళ్లనే తీసుకుంటారా?

ఏ సబ్జెక్టైనా ఫరవాలేదు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ నుంచి బ్యాచిలర్స్ పూర్తయి ఉండాలి, అంతే. బీఈడీ లాంటి ఎడ్యుకేషన్ డిగ్రీ గానీ టీచర్ లైసెన్సు గానీ ఉంటే జీతం మెట్టు పెరుగుతుంది.

టెఫెల్ కోర్సు చేయాలా?

టెఫెల్ అంటే ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీషు నేర్పడంలో ఇచ్చే శిక్షణ. హగ్వాన్‌కి చట్టప్రకారం అక్కర్లేదు. ఎపిక్‌కి మాత్రం, ఎడ్యుకేషన్ డిగ్రీ లేదా టీచర్ లైసెన్సు లేనివాళ్లకు, కనీసం 100 గంటల టెఫెల్ ఉండాలి. రూలు ఎలా ఉన్నా చేయమనే నా సలహా. వీలైతే పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పించే కోర్సు చూసుకోండి. వీడియోలు చూసి క్విజ్‌లు రాసినంత మాత్రాన ముప్పైమంది నాలుగో తరగతి పిల్లలను ఎలా కూర్చోబెట్టాలో తెలియదు.

గవర్నమెంటు స్కూల్ మంచిదా, హగ్వాన్ మంచిదా?

మొదటిసారి వెళ్లేవాళ్లు వీలైతే గవర్నమెంటు స్కూల్లోనే చేరాలని నా గట్టి అభిప్రాయం. ఎపిక్ 1995లో మొదలైంది, కొరియా విద్యాశాఖ కింద నడుస్తుంది. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా పని, వారానికి 22 క్లాసులు, వాటిలో పక్కన ఒక కొరియన్ టీచర్. వెళ్లగానే శిక్షణ ఉంటుంది. జీతం నెలనెలా కచ్చితంగా పడుతుంది. ఏ ఊరు, ఏ స్కూలు అన్నది మాత్రం మన చేతుల్లో ఉండదు. సియోల్ అడిగితే జొల్లా ప్రాంతంలో పొలాల మధ్య బడి రావచ్చు. ఒకే టీచర్ వారంలో రెండు మూడు స్కూళ్లు తిరగాల్సి రావచ్చు. పైగా పిల్లలు తగ్గిపోతున్న దేశం అది. 2023లో ఒక్కో మహిళకు సగటు జననాలు 0.72కి పడిపోయాయి. బడులతో పాటే పోస్టులూ తగ్గుతున్నాయి, పోటీ పెరిగింది.

హగ్వాన్ అంటే మన కోచింగ్ సెంటర్ లాంటిదే. అమీర్‌పేట, బెజవాడ చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. బడి అయ్యాక పిల్లలు వస్తారు కాబట్టి పని మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి మొదలై రాత్రి దాకా సాగుతుంది. సియోల్‌లో రాత్రి పది దాటాక హగ్వాన్ క్లాసులు నడపకూడదని స్థానిక నిబంధన ఉంది. చంటిపిల్లల ఇంగ్లీష్ కిండర్‌గార్టెన్ అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఊరు మనం ఎంచుకోవచ్చు, ఏడాది పొడవునా చేరవచ్చు, మొదటి జీతం కాస్త ఎక్కువే ఉంటుంది. సెలవులు బాగా తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, అంతా యజమాని మీద ఆధారపడి ఉంటుంది. మంచి యజమాని దొరికితే హాయిగా గడుస్తుంది. లేకపోతే ప్రతి నెలాఖరూ జీతం కోసం ఎదురుచూపే.

నా రంగు, నా పేరు చూసి తీసుకోరంటున్నారు. నిజమేనా?

కొంత నిజం. హగ్వాన్ ఉద్యోగాలకు ఫోటో అడుగుతారు. తల్లిదండ్రుల కళ్లలో ఇంగ్లీషు టీచర్ అంటే తెల్లగా ఉండాలన్న ఊహ ఇంకా పోలేదు. ఒకే డిగ్రీ, ఒకే యాసతో ఇద్దరు దరఖాస్తు చేస్తే మన పిల్లలకు ఫోన్లు తక్కువ రావడం నేను దగ్గరుండి చూశాను. ఇలాంటి వివక్షను మొత్తంగా అడ్డుకునే సమగ్ర చట్టం కొరియాలో లేదు. ఇది తప్పు, దీన్ని మామూలు విషయంగా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

చేయగలిగింది ఏమిటంటే, మార్కులు, పత్రాలు, ఇంటర్వ్యూ మీద నడిచే ఎపిక్‌కి మొదట దరఖాస్తు చేయడం. హగ్వాన్‌లకు పంపేటప్పుడు నిమిషం నిడివి వీడియో జత చేయండి. అందులో మీరు పిల్లలకు ఒక చిన్న విషయం నేర్పిస్తూ కనిపించాలి. మాట వినబడ్డాక చాలామంది యజమానుల తీరు మారుతుంది. ఒక్కసారి క్లాసులో అడుగుపెట్టాక పిల్లలు మీ రంగు గురించి ఒక రోజు అడుగుతారు, రెండో రోజుకి మీ జుట్టు గురించో మీ ఊరి పాముల గురించో అడుగుతారు.

ఫుల్‌బ్రైట్ ద్వారా కూడా వెళ్లొచ్చని విన్నాను. అదేంటి?

ఫుల్‌బ్రైట్ అమెరికా ప్రభుత్వం నడిపే విద్యా మార్పిడి పథకం. అందులోని ఈ టీచింగ్ అవకాశం అమెరికా పౌరులకు మాత్రమే. కొరియాలో ఫుల్‌బ్రైట్ ఇంగ్లీష్ టీచింగ్ అసిస్టెంట్ కార్యక్రమం 1992 నుంచి ఉంది. డబ్బు తక్కువ, గౌరవం ఎక్కువ. కొరియన్ కుటుంబంతో కలిసి ఉండే అవకాశం దీని ప్రత్యేకత. డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే కాలేజీలోని ఫుల్‌బ్రైట్ సలహాదారుని కలవాలి. తర్వాత పైచదువులకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఇదే మొదట ప్రయత్నించండి.

మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ చేసి పిల్లలకు పాఠాలు చెప్తానంటున్నాడు. కెరీర్ పాడవదా?

ఏడాది రెండేళ్లలో పాడవదు. కాకపోతే ఎందుకు వెళ్తున్నాడో అడగండి. కొరియన్ సీరియల్స్ మీద మోజు, ఇక్కడ ఉద్యోగం దొరకలేదన్న నిరాశ, ఈ రెండే కారణాలైతే మూడో నెలకే విసుగొస్తుంది. పిల్లలంటే ఇష్టం, పాఠం చెప్పడం నేర్చుకోవాలన్న కోరిక ఉంటే నిశ్చింతగా పంపండి. సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగి రావాలనుకునేవాళ్లు మాత్రం అక్కడున్నంత కాలం సాయంత్రాలు ఏదో ఒక ప్రాజెక్టు చేస్తూ ఉండాలి. నలభైమంది ముందు నిలబడి, భాష రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పడం వస్తే ఏ ఉద్యోగంలోనైనా అది కనిపిస్తుంది.

## దరఖాస్తు, కాగితాలు

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఎపిక్ ఏడాదికి రెండుసార్లు టీచర్లను తీసుకుంటుంది. ఆగస్టు చివర్లో చేరేవాళ్ల దరఖాస్తులు ఫిబ్రవరి నుంచి, ఫిబ్రవరి చివర్లో చేరేవాళ్లవి అంతకుముందు ఆగస్టు నుంచి. మే నెలలో డిగ్రీ అయ్యేవాళ్లు ఆగస్టు బ్యాచ్‌కి, చదువుతుండగానే దరఖాస్తు చేయవచ్చు. పట్టా చేతికి రాగానే పంపితే సరిపోతుంది. హగ్వాన్‌కైతే వెళ్లాలనుకున్న తేదీకి నాలుగు నెలల ముందు నుంచి వెతకండి. ఎక్కువ సమయం పట్టేది ఉద్యోగం దొరకడానికి కాదు, కాగితాలకు.

ఏయే కాగితాలు కావాలి?

ముఖ్యమైనవి రెండు, డిగ్రీ పట్టా నకలు, నేరచరిత్ర లేదన్న పత్రం. రెండింటి మీదా అపోస్టిల్, అంటే ఆ కాగితం అసలైనదేనని వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, ఉండాలి. అమెరికన్లకు నేరచరిత్ర పత్రం ఎఫ్‌బీఐది కావాలి, రాష్ట్ర పోలీసులది చెల్లదు. దాని అపోస్టిల్ వాషింగ్టన్‌లోని స్టేట్ డిపార్ట్‌మెంట్ వేస్తుంది. పట్టా నకలుకి నోటరీ చేయించి, నోటరీ ఉన్న రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ వేయించాలి. చాలామంది రెండూ ఒకే చోటికి పంపి నెల పోగొట్టుకుంటారు. కెనడా 2024 జనవరి 11 నుంచి అపోస్టిల్ వ్యవస్థలోకి వచ్చింది. అంతకుముందు రాసిన సలహాల్లో కెనడియన్లకు వేరే పద్ధతి కనిపిస్తే దాన్ని వదిలేయండి.

నేరచరిత్ర పత్రం వీసాకి ఇచ్చేనాటికి ఆరు నెలలు దాటకూడదు. మరీ ముందుగా తీసుకుంటే పాతబడిపోతుంది, ఆలస్యం చేస్తే అపోస్టిల్ క్యూలో ఇరుక్కుంటుంది. చేరే తేదీకి ఐదు నెలల ముందు వేలిముద్రలు ఇస్తే సరిగ్గా కుదురుతుంది.

పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు. ఇబ్బందా?

ఇబ్బందే, మనవాళ్లకే ఎక్కువగా వచ్చేది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పెళ్లయినవాళ్లకు మారి ఉంటుంది. ముందుగా యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ని అడిగి పట్టాను పాస్‌పోర్ట్ పేరుతో మళ్లీ ఇప్పించుకోండి. కుదరకపోతే ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ చేయించి దానికీ అపోస్టిల్ వేయించండి.

కొరియా వెళ్లాక కూడా ఈ పేరు వెంటపడుతుంది. అక్కడి పేర్లు చాలావరకు మూడే అక్షరాలు. వెంకట సత్యనారాయణ లాంటి పేరు బ్యాంకు ఫారంలో గళ్లు దాటిపోతుంది. బ్యాంకు, ఫోన్ కంపెనీ, నివాస కార్డు మూడింట్లోనూ ఖాళీలతో సహా ఒకేలా రాయించుకోండి. ఒక్క ఖాళీ తేడా వచ్చినా ఆన్‌లైన్‌లో ఫోన్ ధ్రువీకరణ జరగదు, అది లేకుండా అక్కడ టికెట్ కూడా బుక్ కాదు.

కన్సల్టెన్సీవాళ్లు రెండు లక్షలు కడితే కొరియాలో టీచర్ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. కట్టాలా?

కట్టకండి. కొరియా ఇంగ్లీషు టీచర్ల నియామకాల్లో రిక్రూటర్‌కి డబ్బిచ్చేది స్కూలు, అభ్యర్థి కాదు. అభ్యర్థిని రిజిస్ట్రేషన్ ఫీజో సీటు రిజర్వేషనో అని అడిగారంటే అక్కడితో మాట ఆపేయండి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద హగ్వాన్‌లో ఈ-2 ఇప్పిస్తామనేవాళ్లు, టూరిస్టుగా వెళ్లి తర్వాత మార్చుకోవచ్చనేవాళ్లు మిమ్మల్ని చట్టవిరుద్ధమైన పనిలోకి దింపుతున్నారు. పట్టుబడితే దేశం నుంచి పంపేసేది మిమ్మల్నే.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

కొరియానే ఎందుకు, క్లాసులో అల్లరి పిల్లవాడిని ఏం చేస్తావు, తోటి కొరియన్ టీచర్‌తో మాట పడకపోతే ఏం చేస్తావు. దాదాపు ఇవే. ఎపిక్‌కి ముందుగానే ఒక పాఠ్యప్రణాళిక రాసి పంపాలి, దాని మీదా అడుగుతారు. నిదానంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. అవతలివాళ్లు చూసేది మీరు పిల్లలకు అర్థమవుతారా అని.

## ఒప్పందం చేతికొచ్చాక

కాంట్రాక్టులో ఏం చూడాలి?

ముందు నెలలు లెక్కపెట్టండి. కొరియా చట్టం ప్రకారం ఏడాది పూర్తి చేసిన ఉద్యోగికి ఒక నెల సగటు జీతం విరమణ చెల్లింపుగా ఇవ్వాలి. అది ఎగ్గొట్టడానికి కొందరు పదకొండు నెలల ఒప్పందం పెడతారు. అలాంటిది ముట్టుకోకండి.

తర్వాత జాతీయ పెన్షన్, ఆరోగ్య బీమా రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. జీతంలోంచి 3.3 శాతం మాత్రమే కోస్తామని రాశారంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్‌గా చూపుతున్నారని అర్థం. మొదట్లో చేతికొచ్చే డబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. పెన్షన్, బీమా, విరమణ చెల్లింపు మూడూ పోతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

వారానికి ఎన్ని క్లాసులు అన్నది గంటల్లో రాయించుకోండి. కొన్నిచోట్ల 40 నిమిషాల క్లాసుని గంట కింద లెక్కేయరు, 30 గంటలు అన్నది 45 క్లాసులవుతుంది. ఇల్లు ఒంటరిగానా, ఇంకొకరితో కలిసా అన్నది కూడా కాగితం మీదే ఉండాలి. చివరిగా, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న విదేశీ టీచర్‌తో యజమాని లేకుండా మాట్లాడతానని అడగండి. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం వద్దు.

జీతం ఎంత? ఎంత మిగులుతుంది?

కొత్తగా చేరేవాళ్లకు నెలకు సుమారు 22 లక్షల నుంచి 26 లక్షల వాన్. 2026లో కొరియా కనీస వేతనం గంటకు 10,320 వాన్, పూర్తికాలపు ఉద్యోగికి నెలకు 21,56,880 వాన్ అవుతుంది. అంతకంటే తక్కువ చెప్పేవాళ్లతో బేరమే వద్దు. ఇల్లు స్కూలే ఇస్తుంది, లేదా అద్దె భత్యం ఇస్తుంది. ఆరోగ్య బీమాకి సుమారు మూడున్నర శాతం, పెన్షన్‌కి 2026లో 4.75 శాతం జీతంలోంచి పోతాయి, అంతే మొత్తం యజమానీ కడతాడు.

అద్దె లేదు కాబట్టి ఇంట్లో వండుకునేవాళ్లు జీతంలో మూడో వంతు దాచుకోగలరు. సియోల్‌లో ప్రతి శుక్రవారం బయట తిరిగితే ఏమీ మిగలదు. అమెరికాలో చదువు అప్పు ఉన్నవాళ్లు నెల వాయిదా ఎంతో చూసుకుని బయల్దేరండి. మొదటి జీతం నెల తర్వాతే వస్తుంది, నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బు వెంట ఉండాలి.

## దిగిన మొదటి నెలలు

వెళ్లగానే మళ్లీ మెడికల్ టెస్టులు చేస్తారట?

చేస్తారు. క్షయకు ఛాతీ ఎక్స్‌రే, మత్తుమందుల పరీక్ష తప్పనిసరి. గంజాయి కూడా ఆ జాబితాలో ఉంది. మీ రాష్ట్రంలో అది చట్టబద్ధం కావచ్చు, కొరియాలో నేరం. పరీక్షలో బయటపడితే ఉద్యోగమూ వీసా రెండూ పోతాయి. పిల్లలకు ఈ మాట ఇంట్లో మొహమాటం లేకుండా చెప్పండి. దిగిన 90 రోజుల్లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో నివాస కార్డుకి దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ హైకొరియా వెబ్‌సైట్‌లో దిగిన వారంలోనే తీసుకోండి, నగరాల్లో త్వరగా నిండిపోతాయి.

ఇల్లు ఎలా ఉంటుంది?

ఒకటే గది, అందులోనే మంచం, రెండు బర్నర్ల పొయ్యి, వాషింగ్ మెషిన్. నేల కింద వేడినీళ్ల గొట్టాలుంటాయి కాబట్టి చలికాలం నేల వెచ్చగా ఉంటుంది. జనవరిలో సియోల్ మైనస్ పదికి పడిపోతుంది. బయటికి వెళ్తూ హీటర్ పూర్తిగా ఆపేస్తే గొట్టాలు గడ్డకడతాయి. చాలా స్నానాల గదుల్లో షవర్‌కి వేరే అర లేదు, గదంతా తడుస్తుంది, మనకు కొత్తేమీ కాదు. చెత్తకు మాత్రం క్రమశిక్షణ కావాలి. మీ వార్డు పేరున్న సంచులు దుకాణంలో కొనుక్కోవాలి, తిండి వ్యర్థాలు విడిగా, ప్లాస్టిక్ విడిగా వేయాలి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి?

కరెంటు 220 వోల్టులు, రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గు. అమెరికా మిక్సీ పనిచేయదు, ఇండియా మిక్సీ అడాప్టర్‌తో పనిచేస్తుంది. చిన్న ప్రెషర్ కుక్కర్, పోపు గింజలు, ఇంగువ, చింతపండు, ఎండబెట్టిన కరివేపాకు పెట్టుకోండి. అపోస్టిల్ పత్రాల అదనపు నకళ్లు కూడా. పాదం, ఒళ్లు పెద్దగా ఉన్నవాళ్లు బూట్లు, లోదుస్తులు తెచ్చుకోవాలి, అక్కడ సైజులు చిన్నవి.

మేం శాకాహారులం. అమ్మాయి తిండికి ఇబ్బంది పడుతుందా?

మొదటి రెండు నెలలు పడుతుంది. అన్నం మూడు పూటలా దొరుకుతుంది, చిక్కు దాని పక్కన ఉండేవాటితోనే. కిమ్చీలో మామూలుగా చేపల సాసో ఉప్పు రొయ్యలో ఉంటాయి. కూరగాయల పులుసులా కనిపించేది ఎండు నెత్తళ్ల నీళ్లతో కాచింది అయ్యుంటుంది. మాంసం వద్దంటే గొడ్డుమాంసం తీసేసి హ్యామ్ ఉంచేవాళ్లూ ఉన్నారు, దాన్ని మాంసం కింద అనుకోరు. అందుకే వద్దన్న ప్రతి పదార్థం పేరూ కొరియన్‌లో రాసి ఫోన్‌లో పెట్టుకోవాలి.

స్కూల్లో మధ్యాహ్నం అందరూ ఒకచోట స్టీలు పళ్లెంలో తింటారు. నెల మెనూ ముందే ఇస్తారు. తోటి టీచర్‌తో కూర్చుని తినగలిగిన రోజులు గుర్తు పెట్టుకుని, మిగతా రోజులు డబ్బా తీసుకెళ్లమనండి. పెరుగు కొనేటప్పుడు పంచదార లేనిది చూసుకోవాలి. ఒక చెంచా తోడుకి ఉంచుకుంటే ఇంట్లోనే తోడుకుంటుంది. కందిపప్పు, మినప్పప్పు, బాస్మతి సియోల్‌లో ఇటెవాన్ మసీదు వీధి దుకాణాల్లో, అన్సాన్‌లోని విదేశీయుల వీధిలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. అక్కడి బౌద్ధ గుళ్లలో వండే భోజనంలో చేపా మాంసమూ ఉండవు, వెల్లుల్లి ఉల్లి కూడా ఉండవు.

కొరియన్ రాకుండా బతకొచ్చా?

బతకొచ్చు, కానీ ఎప్పటికీ అతిథిగానే. హంగుల్‌లో మూలాక్షరాలు 24 మాత్రమే. మన గుణింతాలు నేర్చుకున్నవాళ్లకు వారాంతంలో వచ్చేస్తుంది. విమానం ఎక్కేలోపే చదవడం నేర్చుకోండి. బస్సు బోర్డు, మందుల షాపు, మెనూ చదవగలిగితే మొదటి నెల భయం సగం తగ్గుతుంది. వాక్యంలో క్రియ చివర రావడం, పెద్దలకు వేరే రూపాలు వాడటం మనకు అలవాటైనవే కాబట్టి అమెరికన్ స్నేహితులకంటే తెలుగు మాట్లాడే పిల్లలు త్వరగా పట్టుకుంటారు.

## పని చేస్తున్నప్పుడు

పిల్లలు ఎలా ఉంటారు?

ప్రేమగా ఉంటారు, అలిసిపోయి ఉంటారు. హగ్వాన్‌లో రాత్రి ఏడున్నర క్లాసుకి వచ్చే పదకొండేళ్ల పిల్లవాడు అంతకుముందే లెక్కల హగ్వాన్, తైక్వాండో ముగించుకుని వస్తాడు. చేతిలో దుకాణంలో కొన్న మూడు మూలల అన్నం ముద్ద, దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా పూర్తిగా విప్పి ఉండదు. తలుపు దగ్గరే రెండు ముద్దలు మింగి కూర్చుంటాడు. ఆ పిల్లవాడికి ముందు ఐదు నిమిషాలు తిననివ్వండి. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష సునూంగ్ చుట్టూ ఆ దేశం మొత్తం తిరుగుతుంది. ఇంగ్లీష్ వినికిడి భాగం జరిగేటప్పుడు విమానాలు దిగడం, ఎగరడం ఆపేస్తారు. ఇంటర్ చదివిన మన పిల్లలకు ఆ ఒత్తిడి తెలుసు కాబట్టి వాళ్లతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది అదే.

తోటి కొరియన్ టీచర్‌తో ఎలా ఉండాలి?

మీ ఇల్లు, బ్యాంకు, ఆసుపత్రి పనులన్నీ మొదట్లో ఆమె మీదే పడతాయి, అదనపు జీతం లేకుండా. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయకుండా ప్రశ్నలు రాసుకుని రోజుకొకసారి అడగండి. ప్రిన్సిపాల్‌కి ఏదైనా చెప్పాలంటే ముందు ఆమెకు చెప్పండి, ఆమెను దాటి వెళ్లకండి. వస్తువు ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ వాడండి.

ఖాళీ సమయంలో ప్రైవేట్ ట్యూషన్లు చెప్పుకోవచ్చా?

కూడదు. ఈ-2 వీసా మీ స్కూలుకే కట్టుబడి ఉంటుంది. ఇంటికి వెళ్లి ట్యూషన్ చెప్పడం నేరం, జరిమానా పడుతుంది, దేశం నుంచి పంపేయవచ్చు. ఇంకో సంస్థలో కొన్ని గంటలు చెప్పాలంటే మీ యజమాని ఒప్పుకోలు, ఇమిగ్రేషన్ అనుమతి రెండూ ముందే ఉండాలి.

జీతం ఇవ్వడం లేదు, మానేస్తే వీసా పోతుందేమోనని భయం. ఏం చేయాలి?

భయపడి చేయకూడని పని ఒకటుంది, చెప్పకుండా రాత్రికి రాత్రే విమానం ఎక్కేయడం. అలా వెళ్తే రావాల్సిన డబ్బులు పోతాయి, మళ్లీ కొరియా వీసా కష్టమవుతుంది. ఒప్పందం, పనిచేసిన గంటలు, జీతం పడిన తేదీలు, మెసేజ్‌లు అన్నీ దాచిపెట్టండి. కార్మికశాఖ సహాయ నంబరు 1350, ఇమిగ్రేషన్‌ది 1345, ఇంగ్లీషులో మాట్లాడతారు. కార్మికశాఖకు ఫిర్యాదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, విదేశీయుల ఫిర్యాదులూ తీసుకుంటారు. ఒప్పందం మధ్యలో వేరే చోటికి మారాలంటే మామూలుగా పాత యజమాని విడుదల పత్రం కావాలి. ఇవ్వనని బెదిరిస్తే 1345కి పరిస్థితి చెప్పి, మీకు ఏ దారులున్నాయో వాళ్లనే అడగండి.

ఆడపిల్ల ఒంటరిగా ఉండటం క్షేమమేనా?

రాత్రి పదకొండుకి బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్లడం అక్కడ మామూలు. కేఫ్‌లో ల్యాప్‌టాప్ వదిలి వెళ్లినా ఉంటుంది. రహస్య కెమెరాల సమస్య మాత్రం ఉంది, కొరియన్ మహిళలే దాని మీద రోడ్డెక్కారు. గది తీసుకోగానే తలుపు నంబర్ తాళం మార్చుకోవాలి, నేల అంతస్తు వద్దనాలి. పోలీసు 112, అంబులెన్సు 119, మహిళల సహాయానికి 1366.

## తిరిగి వచ్చేటప్పుడు

అమెరికాలో కూడా పన్ను కట్టాలా?

రిటర్ను ప్రతి ఏడాదీ వేయాలి. విదేశీ ఆదాయ మినహాయింపు వల్ల ఈ జీతం మీద చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండదు. కొరియా బ్యాంకు ఖాతాల్లో మొత్తం ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ ఫారం వేరుగా వేయాలి. గవర్నమెంటు స్కూల్లో పనిచేసే అమెరికన్లకు రెండు దేశాల పన్ను ఒప్పందం కింద రెండేళ్లపాటు కొరియా ఆదాయపన్ను మినహాయింపు దొరుకుతుంది. దానికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ఫారం 6166 అనే నివాస ధ్రువపత్రం కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది, బయల్దేరే ముందే పెట్టుకోండి.

అక్కడే ఉండిపోవాలనిపిస్తే?

ఈ-2ని ఏటా పొడిగించుకోవచ్చు. దాంతో పాటే కొరియన్ భాషా పరీక్ష టోపిక్ రాస్తూ, పాయింట్ల మీద ఇచ్చే ఎఫ్-2 నివాస వీసాకి మారవచ్చు. దాని మీద ఒకే స్కూలుకి కట్టుబడి ఉండక్కర్లేదు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో చెప్పాలంటే మీ దేశపు టీచర్ లైసెన్సు ఉండాలి. ఎక్కువకాలం ఈ రంగంలో ఉండాలనుకునేవాళ్లు రెండో ఏడాదిలోనే లైసెన్సు పని మొదలుపెట్టాలి.

పెన్షన్ కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరులకు వస్తుంది. మీరు కట్టిందీ యజమాని కట్టిందీ కలిపి, వడ్డీతో. బ్రిటన్ వాళ్లకు రాదు. దక్షిణాఫ్రికా వాళ్లకు అసలు కోయరు. విమాన టికెట్, పాస్‌పోర్ట్, నివాస కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని, బయల్దేరే నెలలో నేషనల్ పెన్షన్ సర్వీస్ ఆఫీసుకి వెళ్లండి. మీ పేరు మీద నెలనెలా నిజంగా కట్టారా లేదా అన్నది అదే ఆఫీసులో ఎప్పుడైనా చూపిస్తారు. చివరిదాకా ఆగకుండా మూడో నెలలోనే ఒకసారి అడిగి చూడండి. ముందే దరఖాస్తు పెట్టుకుంటే ఇంచియాన్ విమానాశ్రయంలోనే డబ్బు అందుకునే వీలు కూడా ఉంది. విరమణ చెల్లింపు దీనికి వేరు. అది చివరి పనిదినం నుంచి 14 రోజుల్లో యజమాని మీ ఖాతాలో వేయాలి. అందుకని ఆ డబ్బు పడేదాకా కొరియా బ్యాంకు ఖాతా మూసేయకండి.